హింటర్‌బెక్ బాధితుల కుర్చీ

హింటర్‌బెక్, మే నెల

'బుధవారం చర్చావేదిక' సంపాదకవర్గం వారి సముఖమునకు, గెర్లిండె పీపెన్‌బ్రింక్ నమస్కరించి విన్నవించుకొనునది:

మొన్నటి మీ టీవీ చర్చలో రవాణా మంత్రిగారు, "బస్సు లేని ఊరుంటే చెప్పండి, సంగతి నేను చూస్తా" అన్నారు. మా ఊరి బస్సును ఈ వసంతంలోనే రద్దు చేశారు. మా ఆయన హిన్నెర్క్ పట్నంలోని వృద్ధాశ్రమంలో ఉన్నాడు. వారానికోసారైనా నేను కనబడకపోతే సూపు ముట్టడు. దయచేసి మా ఊరి పేరు మంత్రిగారికి అందజేయగలరు.

భవదీయురాలు,
గెర్లిండె పీపెన్‌బ్రింక్

తా.క.: మీ చర్చలో ఐదుగురూ ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు ఎవరి మాట లెక్కలోకి వస్తుంది? "గట్టిగా అరిచినోడిదేనే పిచ్చిదానా" అంటాడు హిన్నెర్క్. అధికారికంగా తెలుసుకోవాలని కుతూహలం.

---

హాంబుర్గ్, మే నెల

శ్రీమతి పీపెన్‌బ్రింక్ గారికి,

మీ ఉత్తరము, చర్చలో బాధిత పౌరురాలిగా పాల్గొనుటకు దరఖాస్తుగా ఆమోదించబడినది. పాలకపక్షం, ప్రతిపక్షం, పాత్రికేయుడు, ఆచార్యుడు అను నాలుగు కుర్చీలూ వచ్చే ఎన్నికల దాకా నిండియున్నవి. బాధితుల కుర్చీకి మాత్రం ప్రతివారం కొత్తవారు కావలెను. నిబంధనల మేరకు వాహనం మీ గుమ్మం ముందుకే వచ్చును. తోడుగా ఒకరిని తెచ్చుకొనవచ్చును.

ఇట్లు,
డాక్టర్ ఫోల్క్‌మార్ క్వాస్ట్
ప్రేక్షక సేవా విభాగం

తా.క.: మీ కుతూహలానికి సమాధానం: ఎవరిదీ రాదు. కనుకనే మా చర్చల్లో సమతుల్యం చెడదు.

---

హింటర్‌బెక్, జూన్ నెల

డాక్టర్ క్వాస్ట్ గారికి నమస్కారాలు.

వచ్చాను. బస్సు అడిగాను. మంత్రిగారు "మీ బాధ నా బాధేనమ్మా" అన్నారు. ప్రతిపక్షం ఆవిడ "మీ హయాంలోనేగా మొదలైంది ఆ బాధ!" అంది. "నన్ను పూర్తి చేయనివ్వండి!" "మీరు మొదలెట్టిందెప్పుడు?" ఆచార్యులవారు "అసలు బస్సంటే మనం ఏమనుకుంటున్నాం?" అన్నారు. అంతటితో కార్యక్రమం ముగిసింది.

అయితే మీ డ్రైవరు మంచివాడు. వచ్చే దారిలోనే కదా అని ఆశ్రమం దగ్గర కాసేపు ఆపాడు. హిన్నెర్క్ కిటికీలోంచి చూసి, "ఇంత పెద్ద బండి! ఎవణ్ణి కట్టుకున్నావే నాకు చెప్పకుండా?" అన్నాడు. సూపు మాత్రం గిన్నె ఖాళీ చేశాడు.

కనుక రాబోయే చర్చాంశాలు తెలుపగలరు. పింఛన్లయితే పొరుగింటి లూడర్స్ గారు బాధితురాలు. తోడేళ్ళయితే మా ఊరి గొర్రెల కాపరి బాధితుడు. నేను తోడుగా వస్తాను.

భవదీయురాలు,
గెర్లిండె

తా.క.: లూడర్స్ గారికి పన్ను నొప్పి. దంతవైద్యుడి ఇల్లు కూడా అదే దారిలో ఉంది. విదేశాంగ విధానమైనా సరే, బాధపడతానంటున్నారు.

---

హాంబుర్గ్, జూన్ నెల

శ్రీమతి పీపెన్‌బ్రింక్ గారికి,

పింఛన్లు, తోడేళ్ళు, చలికాలపు ఇంటి హీటింగు, విదేశాంగం: అన్ని అంశాలలోనూ ఒకే ఊరు ఇంత నిలకడగా బాధపడుట విభాగానికి సంతోషదాయకం. ఇకపై ప్రతి బుధవారం వ్యాను పంపబడును.

ఇట్లు,
డాక్టర్ క్వాస్ట్

తా.క.: మీ ఊరివారు పట్నంలో అమ్ముటకు వెనుక సీట్లో ఎక్కించిన కోడిగుడ్లు చర్చలో పాల్గొనుచున్నవా అని డ్రైవరు అడుగుచున్నాడు.

---

హాంబుర్గ్, అక్టోబరు

శ్రీమతి పీపెన్‌బ్రింక్ గారికి,

నిన్నటి చర్చలో మంత్రిగారు పటం చూపి, "హింటర్‌బెక్ చూడండి! వారం వారం నిండు వ్యాను నడుస్తోంది. బస్సు సమస్య ఎక్కడుందండీ?" అన్నారు. తొలిసారిగా రెండు పక్షాలూ చప్పట్లు కొట్టినవి. కావున మీ ఊరు ఇక బాధిత ప్రాంతం కాదు. బాధితులు కానివారికి వ్యాను పంపుటకు నిబంధనలు ఒప్పవు.

విచారములతో,
డాక్టర్ క్వాస్ట్

---

హింటర్‌బెక్, అక్టోబరు

డాక్టర్ క్వాస్ట్ గారికి నమస్కారాలు.

మీ వ్యాను ఆగిపోయినందున మాది మళ్ళీ ఏ బండీ లేని ఊరైంది. అనగా మేము మళ్ళీ బాధితులం. దీనిని ఊరి మొత్తం దరఖాస్తుగా స్వీకరించగలరు. బుధవారం మధ్యాహ్నం అందరం గుమ్మాల్లో సిద్ధంగా ఉంటాం.

భవదీయురాలు,
గెర్లిండె పీపెన్‌బ్రింక్

తా.క.: ఈసారి బాధితుల కుర్చీకి మంత్రిగారి పేరు సిఫారసు చేస్తున్నాను. పాపం, ఆయన పరిష్కరించిన ఒకే ఒక్క సమస్యను మీరు మళ్ళీ తెచ్చిపెట్టారు. కావాలంటే ఆయన్నీ మా వ్యానులోనే తీసుకొస్తాం. దారిలో ఆశ్రమం దగ్గర ఆగేటప్పుడు మాత్రం తొందరపెట్టకూడదు.