పాస్టరుగారు తెచ్చిన పటం

పటమట. జనవరి 1974, ఆదివారం రాత్రి.

మా బాబు చనిపోయి నెలైనా తిరగలేదు. మమ్మల్ని ఓదార్చడానికి ఇంట్లో పెట్టిన ఆదరణ కూడికకి పాస్టరుగారు బైబిలు వాక్యం పటం కట్టించి తెచ్చారు. ప్రతి క్రైస్తవుడి ఇంట్లోనూ, కొట్లోనూ వేలాడేదే: మొదట కొద్దిగా ఉన్నా చివరికి మహాభివృద్ధి.

"దేవుడి వాగ్దానమమ్మా, గట్టిగా పట్టుకోండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "దేవుడన్నది కాదండీ. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుతో స్నేహితుడన్న మాట. నీ పిల్లలు పాపం చేసి పోయారని చెప్పి, ఆ నోటితోనే ఇదీ అన్నాడు. చివర్లో దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీదే."

"బైబిల్లో ఉన్నదంతా దేవుడి మాటేనమ్మా."

యోబు గ్రంథమంతా నలుగురు కూర్చుని వాదించుకున్న పుస్తకం. ఎవరి నోటి మాటో చూడకుండా కత్తిరించి అద్దం బిగిస్తే దేవుడిదైపోతుందా?

"అయితే నా నాలుగేళ్ల బిడ్డ చేసిన పాపమేంటో చెప్పండి," అన్నాను.

మా ఆయన లేచి, మేకు కొట్టి, పటం తగిలించారు. పాస్టరుగారు నొచ్చుకుంటారట. లేక ఈయన కూడా ఏదో పాపం వల్లే బాబు పోయాడని లోపల అనుకుంటున్నారా? అడగలేకపోయాను.

అందరూ వెళ్లాక పటం తీసి మంచం కిందికి తోశాను. ఆ మేకుకి బాబు చొక్కా తగిలించాను. ఇక ఆదరించడానికి వచ్చేవాళ్లు దాన్ని చూస్తూ మాట్లాడాలి.