హెడర్లు బిగించాక అక్క కాళ్ళు

బావగారికి నమస్కారం,

ఫోన్ చేద్దామంటే మీకు తెలుసుగా, నాకు నోరు పెగలదు. అందుకే టైపు చేస్తున్నా.

పని అయిపోయింది. అక్క కారుకి వెనకాల ఇంజను కింద, పైపుల చుట్టూ రేకు తొడుగుల్లా ఉంటాయే, ఆ రెండు హీట్ ఎక్స్ఛేంజర్లు పీకేశా. వాటి చోట మీరు పంపిన హెడర్లు, అవే ఆ మోతెక్కించే ఉత్త పొగ పైపులు, బిగించా. ఒక నట్టు తుప్పు పట్టి బోల్టుతో సహా విరిగింది. డ్రిల్లు పెట్టి తియ్యడానికి ఒక పూట పట్టింది, మోచేతి తోలు పోయింది. ఇప్పుడు స్టార్ట్ చేస్తే పక్కింటి పిల్లాడు నిద్రలేచి ఏడుస్తున్నాడు. అంటే బాగా వచ్చినట్టే కదా.

ఒక్కడినే ఈ పని చేస్తే ఒకటో తారీఖు నుంచి మీ కార్ల షెడ్డులోకి పనికి తీసుకుంటానన్నారు. గుర్తు చేస్తున్నా, అంతే.

మీ బామ్మర్ది

తా.క. సీట్ల మధ్య లివరు లాగితే ఇదివరకు కాళ్ళ దగ్గరికి వేడిగాలి వచ్చేది. ఇప్పుడేమీ రావట్లేదు. అడుగుదామని.

*

మౌనస్వామి గారికి ఆశీస్సులు,

శభాష్‌రా. ఆ తొడుగులు ఉత్త బరువు. పైపు వేడిని కారు లోపలికి పంపడమే వాటి పని. నేను షెడ్డు కోసం ఉంటున్న ఈ కింద ఊళ్ళో జనం ఫ్యాను కింద కూర్చుని చెమటలు కక్కుతున్నారు, వేడిగాలి ఎవడిక్కావాలి? మీరు కొండ మీద ఉన్నారని ఒక్క క్షణం మర్చిపోయా అనుకో. అయినా అంత ఇంజను మండుతుంటే కాస్త వేడి లోపలికి రాకపోదు.

కానీ రోజూ తెల్లారేసరికి ఆ బండిలో నర్సు డ్యూటీకి పోయేది మీ అక్క. తను ఒక్క మాట అన్నా షెడ్డు సంగతి మర్చిపో.

నీ బావ

తా.క. పాత తొడుగులు ఇనప సామానువాడికి ఇచ్చెయ్యి. వెనక్కి చూసే అలవాటు మన పనిలో పనికిరాదు.

*

బావగారికి నమస్కారం,

ఇచ్చేశా. ఇచ్చిన మర్నాడే అక్క వచ్చి, "కాళ్ళు రాళ్ళైపోతున్నాయి, ఏం చేశావురా కారుని?" అంది. చెబుదామనే అనుకున్నా. నోట్లోంచి మాత్రం "కొత్త పైపులు కదక్కా, నాలుగు రోజులు అలవాటు పడాలి" అని వచ్చింది. "ఎవరు, పైపులా, నేనా?" అంది.

అప్పట్నుంచి రోజూ అక్క కంటే ముందే లేచి, వంటింట్లోంచి రెండు ఇటుకలు పట్టుకెళ్ళి కారుకి పెడుతున్నా. అక్క ఇంకేమీ అనట్లేదు. ఇది తప్పా బావా? తప్పంటే మానేస్తా.

మీ బామ్మర్ది

తా.క. ఇటుకల సంగతి అక్కకి చెప్పకండి.

*

మౌనస్వామి గారికి,

తప్పెందుకవుతుందిరా పిచ్చోడా. మీది వాలు వీధి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాల్సిందే. నేను చెప్పకుండానే పెట్టావంటే పనిమంతుడివే.

మీ అక్క ఫోన్ చేసింది. కాళ్ళు వెచ్చగా ఉన్నాయంది. రెండుసార్లు అడిగా, రెండుసార్లూ అదే మాట. ఇంజను వేడి ఎక్కడికీ పోదని నేను చెప్పానా లేదా? షెడ్డులో ముసలి మేస్త్రీ నవ్వబోతే స్పీకర్లో పెట్టి వినిపించా.

మీ కొండ మీద వాళ్ళే ఇద్దరు, పళ్ళ డాక్టరు, డ్రైవింగు నేర్పే ఆవిడ, అలాంటి కార్లే తెచ్చారు. తొడుగులు తీసేసినా వెచ్చగానే ఉంటుందని నా పూచీ మీద చెప్పా. పని అయింది, ఇవాళ అప్పగిస్తున్నా.

నీ బావ

తా.క. పైపు ఎక్కడైనా వంచావా? వేడి ఎటునుంచి వస్తోందని మేస్త్రీ అడిగాడు. నేను తెలిసినట్టు నవ్వి ఊరుకున్నా.

*

బావగారికి,

కార్లు ఇవ్వకండి. ఇటుకలు చక్రాలకి కాదు. పొయ్యి మీద కాల్చి, పాత దుప్పటి ముక్కలో చుట్టి, అక్క సీటు కింద పెడుతున్నా. వేడి అటునుంచి వస్తోంది. పైపులేం వంచలేదు.

షెడ్డు పోయినట్టేనని తెలుసు. ముందే చెప్పాల్సింది. చెప్పాననే అనుకున్నా.

బామ్మర్ది

తా.క. కంగారులో మర్చిపోయా. నమస్కారం.

*

ఒరేయ్,

నీ మెసేజి కంటే ముందే కార్లు వెళ్ళిపోయాయి. డాక్టరు సగం కొండెక్కి ఫోన్ చేశాడు. పళ్ళు కొట్టుకుంటుంటే ఏమంటున్నాడో సగం అర్థం కాలేదు, అర్థమైన సగం నీకు రాయలేను. ఆవిడ దగ్గర నేర్చుకునే కుర్రాడికి కాళ్ళు కొయ్యబారి, ఏది క్లచ్చో ఏది బ్రేకో తెలియక బండిని గోడకి ఆనించాడట. రేపు పదింటికి ఇద్దరూ వస్తున్నారు.

నువ్వూ రా. నీ నోటితో వాళ్ళకి చెప్పు. చెప్పగలిగితే షెడ్డులో చోటుంది. లేదంటే ఇంట్లోనే ఇటుకలు కాల్చుకుంటూ కూర్చో.

నీ బావ

తా.క. ఎంతసేపు కాల్చాలి? ఊరికే అడుగుతున్నా.

*

బావగారికి నమస్కారం,

మీ షెడ్డు బయట బెంచీ మీద నుంచి రాస్తున్నా. డాక్టరు గారు ఇటు, ఆవిడ అటు, మధ్యలో నేను. అరగంటైనా నోరు పెగల్లేదు. ఇంక లాభం లేదని, మనం రాసుకున్నవన్నీ మొదట్నుంచి తెరిచి ఫోను డాక్టరు గారి చేతికిచ్చా. ఇద్దరూ కలిసి చదివారు. మీ పూచీ దగ్గర ఆగి మళ్ళీ చదివారు.

నా మీద కోపం లేదట. తొడుగులు ఎక్కడినుంచైనా తెచ్చి మళ్ళీ బిగించాలట. ఆ బిగించేది నేనేనట, మీరు చెయ్యి పెట్టకూడదట. నోటితో చెప్పలేదు కాబట్టి నాకు షెడ్డులో చోటు లేదని, మీ చివరి మెసేజి చూపించా. "అది మేం మాట్లాడతాంలే" అని లేచారు. లోపలికే వస్తున్నారు.

మీ బామ్మర్ది

తా.క. నన్ను అక్కే కారులో తీసుకొచ్చింది. మొదటిరోజే మడమకి ఇటుక తగిలిందట. మీ ఇద్దరిలో నిజం ముందు ఎవరు ఒప్పుకుంటారో చూద్దామని వెచ్చగా ఉందని చెప్పిందట. షెడ్డు వెనక తలుపు వైపు వెళ్ళకండి బావా, అక్కడ తనే నుంచుంది.