ఒకటో అంకె

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈలోగా ఓట్లొచ్చాయి. ఈ దేశంలో ఓటంటే అభ్యర్థుల పేర్ల పక్కన మన ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు అని అంకెలు వేయాలని బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని మన తెలుగు చర్చి సంఘానికంతా నేర్పింది నువ్వే. ఒకటో అంకె ఎప్పుడూ ఒకే పార్టీకి, అది విశ్వాసుల పార్టీ అనేదానివి.

ఈసారి ఆ పార్టీవాళ్లే కరపత్రాలు పంచారు. సాఫ్ట్‌వేర్ వాళ్ల పిల్లలైతే ఇక్కడికి రావచ్చట, కేరర్ల పిల్లలు వద్దట. వృద్ధాశ్రమంలో కేరరుగా చేసే మన మేరీ కూతురు ఇంకా గుంటూరులోనే ఉంది. అయినా పాస్టరుగారు "మనకు వాళ్లేనమ్మా" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకటి అవతలి పార్టీకి వేసి, ఆ మాట అందరిముందూ చెప్పాను.

ఆదివారం పాస్టరమ్మగారు ప్రార్థన ఎత్తుకున్నారు. "ప్రభువా, మాలో ఒక సహోదరి దారి తప్పింది. హాస్పిటల్లో నర్సు. అక్కను పోగొట్టుకుని ఒంటరిదైంది. ఆమె మనసు మార్చు తండ్రీ."

పేరొక్కటే తక్కువ! నీ చావును కూడా నా ఓటుకు ముడిపెట్టారు. లేచి అరుద్దామనుకున్నాను. ఇంతలో అందరూ "ఆమెన్" అన్నారు. అలవాటు కొద్దీ నేనూ అనేశాను, అందరికంటే గట్టిగా.

నువ్వుంటే నవ్వాపుకోలేక నన్ను గిల్లేదానివి. చర్చిలో నా పక్కనున్న నీ కుర్చీలో నా బ్యాగు పెడుతున్నాను, ఎవరూ కూర్చోకుండా.