కరిగిన ప్లగ్గు

బావా,

రోజూ సాయంత్రం ఆరింటికి దీవి నుంచి రేడియోలో పలికేవాడివి. మూడు రోజులుగా ఉలుకూ పలుకూ లేదు. గాలివాన వల్లేనని అక్కకి సర్దిచెప్పాను గానీ, నా అనుమానం వేరు.

నీ ఏరియల్ కేబుల్‌కి, రేడియో సెట్టులో దూర్చే ప్లగ్గు అతికించింది నేనే. చవక రకం. సోల్డరింగ్ వేడికి లోపలి ప్లాస్టిక్ కరిగింది; తీగలు ఒకదానికొకటి తగిలితే ఇక మాట బయటికి పోదు. చూసి కూడా టేపు చుట్టేసి ఇచ్చాను. తప్పు నాదే.

ఇవాళే పడవ కదులుతోంది. పడవతనితో మంచి ప్లగ్గు పంపుతున్నాను. సోల్డరింగ్ చేయకముందే ప్లగ్గు మూత కేబుల్‌కి ఎక్కించు, మర్చిపోతే మళ్ళీ అంతా ఊడదీయాలి. తిట్టడానికైనా సరే, అతని చేతికే రెండు ముక్కలు రాసివ్వు. రేడియోలో పిలిస్తే మాకు వినపడదు. ఈ ప్లగ్గు ఇక్కడి మన రేడియో సెట్టు నుంచి ఊడదీసిందే.

అక్కకి ఈ సంగతి చెప్పలేదు. ఆరు కావస్తోంది. సౌండు పెంచుకుని ఆ సెట్టు ముందే కూర్చుంది.

నీ బావమరిది