పెత్రమాస పులుసులో బెల్లం

వియ్యంకులు వెంకటరత్నం గారికి, కర్దనూర్ నుంచి నమస్కారాలు.

ఆదివారం వచ్చి మంగతాయారును తీసుకుపోతానని మీరు రాసిన కార్డు అందింది. దయచేసి రావద్దు.

జరిగింది ఇంతే. పెత్రమాస, అదే మీరనే మహాలయ అమావాస్య నాడు పెద్దలకు పెట్టిన పులుసులో కోడలు మీ వైపు అలవాటు చొప్పున బెల్లం వేసింది. అందరం తినడానికి కూర్చున్నాం. మా ఇంటామె రాజవ్వ ఒక ముద్ద తిని, "మా అత్త గిట్ల చేస్తుండెనా? ఇంటిపేరు మారంగనే సాలదు, చెయ్యి గూడ మారాలె" అన్నది.

"మామయ్యగారిని అడగండి. బాలేదంటే పారబోస్తాను" అన్నది మీ అమ్మాయి.

ఇద్దరూ నా దిక్కు చూసినారు. నేను ఇంకో గరిటె వేసుకున్నాను. దాంతో గొడవ పెద్దదైంది. కోడలు అలిగి మీకు ఉత్తరం రాసింది.

ఆ ఇంటిపేరు సంగతీ చెబుతాను. మా తాత ఒక ఏడు ఉల్లిగడ్డలు అమ్ముడుపోక ఊరంతా పంచితే, మేం ఉల్లిగడ్డలోళ్ళం అయినాం. అంతకు ముందు ఏమని పిలిచేవారో ఎవరికీ యాది లేదు.

నిన్న పక్కింటి కౌసల్యమ్మ వచ్చి, "పండుగనాడు నాకు గిన్నెల పోసిచ్చిన పులుసు మస్తుండె. ఎట్ల చేసినవ్ రాజవ్వా?" అని అడిగింది.

మా ఇంటామె తడుముకోలేదు. "మా అత్త నేర్పింది. జెర బెల్లం పడాలె" అన్నది.

లోపల కోడలు నవ్వడం విన్నాను. ఇప్పుడు మీరు అమ్మాయిని తీసుకుపోతే, మా అమ్మ పులుసు చేయడం ఈ ఇంట్లో ఎవరికీ రాదు.

ఇట్లు,
మీ వియ్యంకుడు