వందో ఎపిసోడ్

ఏలూరు, 2009 ఆగస్టు, శనివారం

మా ఇటలీ వంటల పాడ్‌కాస్ట్‌కి ఇవాళ వందో ఎపిసోడ్. రికార్డింగ్ చేసే మరిది కేకు తెచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పొద్దున్నే రోమ్ నుంచి ఈమెయిల్ వచ్చింది. తొమ్మిదేళ్లు నేను పనిచేసిన ఇంటి పెద్దావిడ, లూచియా గారు పోయారట. నాకొచ్చిన ఆ వంటలన్నీ ఆవిడ నేర్పినవే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మైకు ముందు కూర్చుని, ఆవిడ టమాటా చేపల కూరని మన కైకలూరు కొరమీనుతో ఎలా వండుకోవచ్చో చెప్పాను. ఏడుపు రాలేదు.

"లూచియా గారికి కూడా పంపుదాం వదినా. తెలుగు రాకపోయినా మీ గొంతు వింటారు కదండీ," అన్నాడు మరిది.

"సరే," అన్నాను.

రికార్డింగంతా "లూచియా గారు ఇలా చేస్తారు" అనే అన్నాను. "చేసేవారు" అని నోటికి రాలేదు. రేపు అది ఇంటర్నెట్లో పెట్టేస్తాడు. మార్చమనాలంటే, ఆవిడ పోయారని నా నోటితో చెప్పాలి.