కనకవ్వ సీసా

గోదావరిఖని,
ఆగస్టు 1986

చిరంజీవి హనుమండ్లుకు అవ్వ దీవించి రాయునది. ఇక్కడ అందరం బాగున్నామని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. మీ బాపు రెండో షిఫ్టుకు పోతున్నాడు. వాన పడితే వంటింట్లో కారుతోంది. మిగతాది చదివి నువ్వే తేల్చుకో.

నీ ఉత్తరంలో అడిగావు కదా, నూనె తగ్గించాను. కడుపునొప్పి మునుపటంత లేదు. ఎండాకాలంలో వచ్చినప్పుడు మీ దవాఖానా పరిశోధనదని నువ్విచ్చిన బిళ్ల వేసుకున్న కాసేపటికి మొదట్లో గుండె దడదడలాడేది, చాయ్ పోస్తుంటే సాసరులోకి ఒలికేది. పిత్తనాళాన్ని వదులు చేసి రాయిని జార్చే మందు కాబట్టి అట్లా ఉండొచ్చని నువ్వు ముందే చెప్పావు. మరి అప్పుడు పక్కింటి కనకవ్వకు ఏ దడా లేదేం? నాలాగే ఆమెకూ పిత్తాశయంలో రాళ్లే, ఆమెకూ నువ్విచ్చిన సీసానే.

"పరిశోధనల సగం మందికి మందు, సగం మందికి ఉత్త బిళ్లలు పోతయ్ అవ్వా. ఎవలకేది అచ్చిందో మాక్కూడ తెల్వది" అన్నావు. నమ్మాను. కానీ సీసాలిచ్చిన రోజు నా చేతిలో పెట్టినదాన్ని వెనక్కి తీసుకుని, అడుగున నంబరు చూసి, కనకవ్వకిచ్చావు. ఆమెది నాకిచ్చావు. తెలియనివాడికి ఆ మార్పిడి ఎందుకు? అప్పటినుంచి నీ ఉత్తరాల్లో ప్రతి మాటనూ తిరగేసి చూస్తున్నాను. కన్నకొడుకును అనుమానించడం ఎంత నరకమో నీకు తెలియదు.

ఇప్పటిదాకా దాచిన మాట ఒకటుంది. బిళ్లలన్నీ చూడ్డానికి ఒకటే కదా, అనుమానం తేల్చుకుందామని కనకవ్వకు తెలియకుండా ఆమె సీసాలోవి నా సీసాలోకి, నావి ఆమె సీసాలోకి మార్చాను. నా చేతులు కుదుటపడ్డాయి. కనకవ్వ చేతులు వణకడం మొదలైంది.

"గిదేం రోగమే సారక్కా, చెంబు గూడ చేతుల నిలుస్తలేదు" అంది. నేను నోరు విప్పలేదు. అది నా తప్పే.

మొన్న ఆమె కళ్లు పచ్చబడ్డాయి. దవాఖానాకు తీసుకుపోయి, బిళ్లలు మార్చిన సంగతి డాక్టరుకు చెప్పాను. రాయి నాళంలో ఇరుక్కుంది, కోయక తప్పదన్నాడు. నీ మాట నమ్మి ఎండాకాలంలో ఆపరేషన్ వద్దనుకున్న మనిషి ఆమె. ఈ ఉత్తరం నీకు అందేసరికి కోసి ఉంటారు.

నేను బిళ్లలు మార్చిన సంగతి ఆమెకూ చెప్పేశాను. నా మీద కోపం తెచ్చుకోలేదు. నువ్వు ఆ రోజు సీసాలు మార్చిన సంగతి చెబితే మాత్రం నవ్వింది.

"నా పాలు తాగిన పోరడు నాకు ఉత్త బిళ్లలిత్తడానే? నీకు జర అనుమానం ఎక్కువ" అంది.

ఆమె నిన్ను అడగదు. అందుకే నేను అడుగుతున్నాను. జవాబు రాయకు. వచ్చి, ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పు.

ఇట్లు,
నీకు పాలిచ్చిన ఇద్దరిలో ఒకతె,
అవ్వ